లెక్క తెలిసినా ఓడిపోయాడు!

వెనిస్‌ నగరం. మేరీమాత పుట్టినరోజు పండగ. ఒక సెనేటరు ఇంట్లో పేకాట జోరుగా సాగుతోంది. ఆ పెద్దాయనకి ఎదురుగా కూర్చున్నది జేబులో పెద్దగా ఏమీలేని ఒక బక్కపల్చటి యువకుడు. తొలిరోజు డబ్బు పోయింది. చేతి ఉంగరాలు, ఒంటిమీది బట్టలు కూడా పందెంలో పోయాయి. మర్నాడు మళ్లీ వెళ్లాడు. మొదట అదృష్టం కలిసొచ్చింది. ఉంగరాలు, బట్టలు తిరిగి గెలిచేసి నౌకరు చేత ఇంటికి పంపేశాడు కూడా. అప్పుడే లేచి వచ్చేస్తే బావుండేది. లేవలేదు. కాసేపటికి మళ్లీ పోగొట్టుకోవడం మొదలైంది. అప్పుడు చూశాడు.. ముక్కల వెనక గుర్తులున్నాయి!

అంతే, మొలలో ఉన్న బాకు తీసి సెనేటరు ముఖం మీద గీశాడు. తనదీ ఆయనదీ డబ్బంతా లాక్కున్నాడు. రక్తం చూశాక కాస్త తగ్గి, కొంత వెనక్కి విసిరేశాడు. తలుపులకి తాళం, పక్కనే ఇద్దరు సేవకులు, దూలం మీద బల్లేలు. దొంగాట బయటపడితే తన పరువే పోతుందని సెనేటరు లెక్క వేసుకున్నట్టున్నాడు, తలుపు తీయించాడు. ఆ రాత్రే చీకట్లో పోలీసుల కంటబడకుండా పోతూ కుర్రాడు కాలుజారి కాలవలో పడ్డాడు. దారిన పోతున్న పడవ అంచు పట్టుకుంటే అందులోవాళ్లు పైకి లాగారు. లోపల చూస్తే, ముఖానికి కట్టుతో అదే సెనేటరు! ఆయన కోపం చేసుకోకపోగా, తడిసి ముద్దైన కుర్రాడికి నావికుల బట్టలిచ్చి పడువా దాకా తనతోపాటే తీసుకెళ్లాడు.

సినిమా సీన్‌లా ఉంది కదా! ఇది ఆ కుర్రాడే ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలోని సంగతి. పేరు జిరోలమో కార్డానో. వైద్యుడు, గణిత శాస్త్రవేత్త, జ్యోతిష్కుడు, పచ్చి జూదరి. ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యలు చదివినవాళ్లు ఆయనకి తెలియకుండానే రుణపడి ఉన్నారు. మెకానికల్‌ విద్యార్థులు చెప్పుకునే కార్డన్‌ షాఫ్ట్‌కి ఆ పేరు వచ్చింది ఆయన వల్లే. పేకముక్కలు, పాచికల వెనక ఉన్న లెక్కని పద్ధతిగా రాయడానికి ప్రయత్నించిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు. పోకర్‌ బాగా ఆడాలంటే ఏం కావాలో ఇవాళ కోచ్‌లు చెప్పే మాటల్లో చాలావాటికి మూలం ఆయన రాతల్లో దొరుకుతుంది. విచిత్రం ఏంటంటే, వాటిలో చాలావాటిని ఆయనే పాటించలేదు.

వద్దనుకున్న బిడ్డ

1501 సెప్టెంబరు 24న ఇటలీలోని పావియాలో పుట్టాడు. తండ్రి ఫాత్సియో మిలాన్‌లో లాయరు. లెక్కల్లో దిట్ట, లియొనార్డో డా విన్సీ అంతటివాడు జామెట్రీ సందేహాలకి ఆయన్ని అడిగేవాడట. తల్లి కియారా. ఇద్దరికీ అప్పటికి పెళ్లి కాలేదు. కడుపు పోగొట్టుకోవడానికి తల్లి మందులు కూడా మింగింది. అవి పనిచేయలేదు. మిలాన్‌లో ప్లేగు వస్తే ఆమె పావియాకి వెళ్లింది, అక్కడే ఇతను పుట్టాడు. మిలాన్‌లో ఉండిపోయిన ఆమె ముగ్గురు పిల్లలూ ప్లేగుకి పోయారు.

చిన్నప్పటినుంచీ రోగాలు. తండ్రికి తోడుగా బరువైన పుస్తకాల సంచీ మోసుకుంటూ ఊరంతా తిరిగేవాడు. ఆయనే లెక్కలు నేర్పాడు. లా చదవమంటే వినకుండా మెడిసిన్‌లో చేరాడు. 1524లో తండ్రి పోయాడు, మిగిల్చింది కొంచెమే. పడువా యూనివర్సిటీలో చదువు పూర్తికావాలి, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇప్పుడైతే ఎడ్యుకేషన్‌ లోనో పార్ట్‌టైమ్‌ జాబో వెతుక్కుంటాం. కార్డానో పాచికలు, పేకముక్కలు, చదరంగం పట్టాడు. వాటితోనే ఖర్చులు గడుపుకున్నాడు, 1526 నాటికి డాక్టరయ్యాడు.

ఎదుటివాళ్లంతా అదృష్టాన్ని నమ్ముకుని ఆడుతున్నప్పుడు ఇతనొక్కడే లెక్క చూసుకునేవాడు. చిన్న తేడానే. కానీ వందసార్లు, వెయ్యిసార్లు ఆడితే ఆ చిన్న తేడాయే కూడు పెడుతుంది.

ఆ లెక్క ఏంటి?

యువకుడిగా మొదలుపెట్టి ముసలితనం దాకా దిద్దుకుంటూ ఒక చిన్న పుస్తకం రాశాడు. లాటిన్‌లో దాని పేరు లీబెర్‌ దె లూదో అలేయె, అంటే జూదం ఆటల పుస్తకం. చిన్నచిన్న అధ్యాయాలు 32. అందులో గణితం ఉంది, మోసాల చిట్టా ఉంది, నీతులున్నాయి, పాత కథలున్నాయి. అన్నీ కలగాపులగం.

ఆయన ముందు పట్టుకున్నది మొత్తం ఎన్ని రకాలుగా జరగొచ్చు అనే ప్రశ్న. ఒక పాచికకి ఆరు ముఖాలు. రెండు పాచికలేస్తే 36 రకాలు, మూడేస్తే 216. వాటిలో మనకి పనికొచ్చేవి ఎన్ని, పనికిరానివి ఎన్ని? ఈ రెంటి నిష్పత్తిలోనే పందెం ఉండాలి. అంతే సూత్రం. రెండు పాచికల్లో కనీసం ఒకటైనా ఒకటి అంకె పడాలంటే 36లో 11 అవకాశాలు. మూడు పాచికలైతే 216లో 91. అంటే పడుతుందనేవాడు 91 పెడితే, పడదనేవాడు 125 పెట్టాలి. అప్పుడే ఆట సమానం. ఇప్పుడు స్కూలు పుస్తకాల్లో సంభావ్యత అని చదువుకునే పాఠమే. పదహారో శతాబ్దంలో దాన్ని ఇంత సూటిగా రాసినవాళ్లు దాదాపు లేరు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. ఒకే పందెం వరసగా మూడుసార్లు గెలవాలంటే ఎంత కష్టం? 91ని 91తో మూడుసార్లు, 125ని 125తో మూడుసార్లు గుణించి, 7,53,571కి 19,53,125 అని ఠక్కున రాసేశాడు. తర్వాత అనుమానం వచ్చింది. సగం సగం అవకాశమున్న ఆటలో, అంటే ఒకటికి ఒకటి పందెంలో ఇదే పద్ధతి పెడితే? ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే. అంటే వరసగా పదిసార్లు గెలవడం ఒకసారి గెలిచినంత తేలిక అని అర్థం! ఎక్కడో తప్పుంది. మళ్లీ కూర్చుని సరిచేశాడు. సగం అవకాశం ఉంటే వరసగా రెండుసార్లు గెలిచే అవకాశం నాలుగింట ఒకటి, కాబట్టి పందెం ఒకటికి మూడు. మూడుసార్లయితే ఒకటికి ఏడు. ముందు రాసిన తప్పు మాత్రం కొట్టేయలేదు, పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఆన్సర్‌షీట్‌లో తప్పు కనిపించగానే వైట్‌నర్‌ పూసే మనకి అది చదువుతుంటే కాస్త ధైర్యం వస్తుంది.

మన దగ్గర కూడా జూదానికీ లెక్కకీ సంబంధం పాతదే. మహాభారతంలో నలుడు పాచికల్లో రాజ్యం పోగొట్టుకుంటాడు. తర్వాత ఋతుపర్ణుడు దారిలో ఒక తాని చెట్టు చూపించి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు, నలుడు లెక్కపెట్టి చూస్తే సరిపోతుంది. ఆ విద్య నేర్చుకున్నాకే నలుడు మళ్లీ ఆడి గెలుస్తాడు.

పోకర్‌కి పూర్వీకురాలు

కార్డానో కాలంలో ఇటలీని ఊపేసిన పేకాట ప్రిమేరా. నలభై ముక్కలు, మనిషికి నాలుగేసి. నాలుగూ ఒకే రంగైతే ఒక స్థాయి, నాలుగూ నాలుగు రంగులైతే ఇంకో స్థాయి, నాలుగూ ఒకే అంకె అయితే అన్నింటికంటే పైది. పందెం పెంచొచ్చు, తప్పుకోవచ్చు, ఏమీ లేకపోయినా ఉన్నట్టు నటించి ఎదుటివాణ్ని భయపెట్టొచ్చు. మన మూడు ముక్కలాట ఆడినవాళ్లకి ఇది తెలిసినట్టే అనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో రూపుదిద్దుకున్న పోకర్‌కి ప్రిమేరా దూరపు పూర్వీకురాలని చెబుతారు. కార్డానోకి పేకాటలన్నింట్లో ఇదే గొప్పది.

ఎందుకంటే పాచికలు బల్ల మీద అందరికీ కనిపిస్తాయి. ముక్కలు కనిపించవు. అందుకే పాచికల్లో లెక్క సరిపోతుంది, ముక్కల్లో ఎదుటి మనిషినీ చదవాలి. ఆయన పట్టుకున్న ఈ తేడాయే ఇప్పటికీ పోకర్‌ గుండెకాయ.

లెక్క సంగతికొస్తే, ఆయన చెప్పిన నిష్పత్తి ఇవాళ్టి పోకర్‌ బల్ల మీద ఎలా పనిచేస్తుందో చూడండి. టర్న్‌ ముక్క పడింది. మీ దగ్గరున్న రెండు, బల్ల మీద నాలుగు కలిపి చూస్తే ఇస్పేట్లు నాలుగు. ఐదోది వస్తే ఫ్లష్‌. ఇంకా ఒక్క ముక్క రావాలి. కనబడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. అంటే దాదాపు అయిదింట ఒక్క అవకాశం. ఎదుటివాడు పందెం కాశాక కుండలో 100 ఉంది, ఆటలో ఉండాలంటే మీరు 50 వేయాలి. మొత్తం 150లో మీ వాటా 50, అంటే కనీసం మూడింట ఒకసారైనా గెలిస్తేనే గిట్టుబాటు. అయిదింట ఒకసారే గెలిచేవాడు ఇక్కడ ముక్కలు పడేయాలి. కుండలో 100 బదులు 400 ఉంటే కథ మారిపోతుంది, 450లో 50 వేసేవాడికి తొమ్మిదింట ఒకసారి గెలిచినా చాలు. ముక్కలు అవే, లెక్క వేరు. గెలుస్తామా అని కాదు, ఈ ధరకి కొనొచ్చా అని అడుక్కోవాలి. ఇలా తీసుకున్న నిర్ణయం సరైనదే అయినా అయిదింట నాలుగుసార్లు డబ్బు పోతుంది. అది తట్టుకోగలగడమే అసలు పరీక్ష. చాలామంది లెక్క రాక కాదు, అక్కడే చేతులెత్తేస్తారు.

(ఇది చదివి ఫోన్‌లో యాప్‌ వెతక్కండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్‌ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్‌ 2020లో అంతకుముందే ఆ పని చేశాయి.)

నగలు పోయాయి

మరి ఇంత తెలిసిన కార్డానో ఏమయ్యాడు?

చదువైపోయాక మిలాన్‌ వైద్యుల సంఘంలో సభ్యత్వం అడిగితే, పెళ్లికాని తల్లికి పుట్టాడని తిరస్కరించారు. సభ్యత్వం లేకపోతే నగరంలో ప్రాక్టీసు లేదు. పడువా దగ్గర సాకో అనే పల్లెలో మకాం పెట్టాడు. అక్కడే 1531లో లూచియాని పెళ్లి చేసుకున్నాడు. రోగులు రాలేదు. గల్లరాటె అనే మరో ఊరికి మారాడు. అక్కడా రాలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి మళ్లీ పాచికల మీదికి పోయింది.

పడువాలో ఆడినప్పటికీ ఇప్పటికీ తేడా గమనించండి. అప్పుడు ఒక్కడు, ఖర్చు తక్కువ, కోల్పోడానికి పెద్దగా ఏమీలేదు. ఇప్పుడు భార్య ఉంది, పిల్లాడు పుట్టబోతున్నాడు, ప్రతి పందెం వెనకా రేపటి భోజనం ఉంది. ఆ ఒత్తిడిలో లెక్క పనిచేయదు. పోయింది రాబట్టాలని పందెం పెంచుతాం, పెంచినకొద్దీ పోతుంది. పోకర్‌ వాళ్లు దీన్ని టిల్ట్‌ అంటారు. ఇంటి ఖర్చుల డబ్బుని ఆట డబ్బుతో కలపొద్దని, దానికి విడిగా బ్యాంక్‌రోల్‌ ఉండాలని వాళ్లు మొదటిరోజే నేర్పేది అందుకే. కార్డానో దగ్గర విడిగా ఏమీ లేదు. లూచియా నగలు తాకట్టులోకి పోయాయి. తర్వాత ఇంట్లో సామాను. 1534లో మిలాన్‌ చేరి అనాథలకిచ్చే ఆశ్రయంలో తలదాచుకున్నారు. పెద్దకొడుకు జాంబత్తిస్తా పుట్టింది ఆ ఏడాదే.

లూచియా గురించి ఆయన పుస్తకాల్లో తక్కువే ఉంది. ఆమె వైపునుంచి ఈ కథ ఎవరూ రాయలేదు. నాకైతే అది పెద్ద వెలితిగా అనిపిస్తుంది.

అక్కణ్నుంచి పైకి

ఆదుకున్నది లెక్కలే. ఒకప్పుడు తండ్రి చేసిన గణితం లెక్చరర్‌ పోస్టు మిలాన్‌లో దొరికింది. ఖాళీ వేళల్లో సభ్యత్వం లేకుండానే వైద్యం చేశాడు. పెద్దింటి రోగులకి నయమైంది, పేరొచ్చింది. ఊళ్లో డాక్టర్ల పద్ధతులు ఎలా తప్పో చెబుతూ పుస్తకం కూడా అచ్చేశాడు. చివరికి 1539లో వైద్యుల సంఘం తలుపు తెరిచింది.

1545లో ఆర్స్‌ మాగ్నా వచ్చింది. ఘన సమీకరణాలు ఎలా సాధించాలో లోకానికి బహిరంగంగా చెప్పిన పుస్తకం అది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి తన రహస్యం అచ్చేశాడని తార్తాలియా మండిపడ్డాడు. అంతకుముందే దెల్‌ ఫెర్రో కాగితాల్లో అదే పద్ధతి ఉందని కార్డానో వాదన. ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. పదిని రెండు భాగాలు చేసి గుణిస్తే 40 రావాలనే లెక్కలో మైనస్‌ 15 వర్గమూలంతో ధైర్యంగా పనిచేసింది ఆ పుస్తకంలోనే. మరుసటి ఏడాది లూచియా చనిపోయింది.

1552లో స్కాట్లండ్‌ నుంచి పిలుపొచ్చింది. అక్కడి ఆర్చిబిషప్‌ జాన్‌ హామిల్టన్‌కి ఏళ్ల తరబడి ఉబ్బసం. కార్డానో కొన్నాళ్లు పక్కనే ఉండి గమనించి, ఈకలు కూరిన పరుపు, దిండు తీయించేశాడు, తిండి నిద్ర వేళలు మార్చాడు. ఆయన కోలుకున్నాడు. కార్డానో బంగారు నాణేలతో తిరుగుముఖం పట్టాడు. దారిలో లండన్‌లో కుర్రరాజు ఆరో ఎడ్వర్డ్‌ జాతకం వేసి యాభై దాటి బతుకుతాడని చెప్పాడు. మరుసటి ఏడాదే ఆ రాజు చనిపోయాడు, పదిహేనేళ్లకి. రెండు పాచికలకి 36 రకాలున్నాయని తెలిసిన మనిషి, మనిషి బతుక్కి మాత్రం ఒకే దారి ఉందని రాసిచ్చాడు. జూదంలో కూడా అంతే. లెక్క రాశాక కూడా, ఇదంతా అదృష్ట దేవత పని అని పక్కనే చేర్చేవాడు.

ఎవరితో, ఎక్కడ, ఎంతకి

ఆయన జూదం పుస్తకంలో నన్ను ఆకట్టుకునేది గణితం కంటే మనిషిని గురించి రాసిందే. ఆటకి మూలం సమానత్వం అంటాడు. ఎదుటి ఆటగాడు, చూసేవాళ్లు, డబ్బు, చోటు, పాచికల డబ్బా, పాచిక.. వీటన్నింట్లో ఇద్దరికీ సమానమైన పరిస్థితి ఉండాలి. అది మీకు వ్యతిరేకంగా ఉంటే మీరు మూర్ఖులు, మీకు అనుకూలంగా ఉంటే మీరు అన్యాయం చేస్తున్నట్టు. వెనిస్‌లో సెనేటరు ఇంట్లో, సెనేటరు ముక్కలతో, సెనేటరు సేవకుల మధ్య కూర్చున్నాడే.. ఈ మాట రాస్తున్నప్పుడు అది గుర్తురాకుండా ఉంటుందా!

చూసేవాళ్ల సంగతీ వదల్లేదు. పక్కన నిలబడి సలహాలిచ్చేవాడు మీ బుర్ర పాడుచేస్తాడు, కోపం తెప్పిస్తాడు. పోకర్‌ బల్లకే కాదు, ఇంటర్వ్యూ ముందు వాట్సాప్‌ గ్రూపులకీ ఇది బాగానే సరిపోతుంది. ఆట దిగులు తీర్చుకోడానికి, పండగపూట కాలక్షేపానికి, తక్కువ పందెంతో ఆడాలంటాడు. వృత్తి జూదరులతో కూర్చోవద్దంటాడు. ముక్కలకి సబ్బు రాసి జారేలా చేసేవాళ్లు, ఉంగరంలో అద్దం పెట్టుకుని ఎదుటి ముక్కలు చూసేవాళ్లు ఉంటారని హెచ్చరిస్తాడు. డాక్టర్లూ లాయర్లూ లాంటివాళ్లకి జూదం పరువు తీస్తుందంటాడు. అన్నింటికంటే, అసలు ఆడకపోవడమే జూదంలో పెద్ద లాభమని తేల్చేస్తాడు.

చెప్పడం వరకే. చదరంగం నలభై ఏళ్లకి పైగా, పాచికలు పాతికేళ్ల పాటు, అప్పుడప్పుడూ కాదు రోజూ ఆడానని, చెప్పుకోడానికి సిగ్గుగా ఉందని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. డబ్బుతోపాటు కాలం, గౌరవం పోయాయని కూడా. వచ్చిన డబ్బు గురించి మాత్రం అక్కడ గొప్పలు లేవు.

కొడుకులు

పెద్దకొడుకు జాంబత్తిస్తా డాక్టరయ్యాడు. తండ్రికి నచ్చని పెళ్లి చేసుకున్నాడు, బ్రాందోనియా అనే అమ్మాయిని. ఇంట్లో నరకం. చివరికి భార్యకి విషం పెట్టాడు. కార్డానో లాయర్లని పెట్టాడు, తనే కోర్టులో వాదించాడు. అమ్మాయి వైపువాళ్లు ఒప్పుకుంటే ప్రాణం దక్కుతుందన్నారు. వాళ్లు అడిగినంత ఇచ్చుకోలేకపోయాడు. 1560 ఏప్రిల్‌లో కొడుకు తల నరికారు. ఆ దెబ్బనుంచి ఆయన మళ్లీ తేరుకోలేదు. పావియాలో ఉండలేక 1562లో బొలోన్యా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. కొడుకు వదిలిన పసివాణ్ని, ఫాత్సియోని, తనే పెంచాడు.

చిన్నకొడుకు ఆల్దోకి తండ్రి నుంచి వచ్చింది లెక్క కాదు, జూదం. బట్టలతో సహా ఓడిపోయేవాడు. అప్పులు తండ్రి తీర్చేవాడు. చివరికి తండ్రి ఇంట్లోనే డబ్బు, నగలు దొంగిలించాడు. కార్డానోయే అధికారులకి చెప్పి అతన్ని నగరం నుంచి వెళ్లగొట్టించాడు. ఒకప్పుడు లూచియా నగలు తాకట్టు పెట్టిన చేతులే ఆ ఫిర్యాదు చేశాయి.

1570లో మతవిచారణ సంస్థ కార్డానోని అరెస్టు చేసింది. క్రీస్తు జాతకం వేసి అచ్చేసినందుకని చెబుతారు. కొన్ని నెలల జైలు, ఆ తర్వాత పాఠాలు చెప్పకూడదని, పుస్తకాలు అచ్చేయకూడదని ఆంక్షలు. డెబ్బై ఏళ్ల వయసులో రోమ్‌ చేరాడు. పోప్‌ పింఛను ఇచ్చాడు. అక్కడే ఆత్మకథ రాసి, 1576 సెప్టెంబరు 21న కన్నుమూశాడు. చనిపోయే తేదీ ముందే చెప్పి, అది నిజం చేయడానికి తిండి మానేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నమ్మాలో లేదో మీ ఇష్టం.

జూదం పుస్తకం ఆయన బతికుండగా అచ్చు కాలేదు. కాగితాల కట్టల్లోనే పడి ఉంది. 1654లో ఫ్రాన్స్‌లో ఇద్దరు, పాస్కల్‌, ఫెర్మా, ఆగిపోయిన జూదంలో పందెం డబ్బు ఎలా పంచాలనే ప్రశ్న మీద ఉత్తరాలు రాసుకుని సంభావ్యతా శాస్త్రానికి పునాది వేశారు. ఇవాళ ఇన్సూరెన్సు ప్రీమియం లెక్కగట్టే యాక్చువరీలూ డేటా సైంటిస్టులూ నిలబడింది దానిమీదే. మరో తొమ్మిదేళ్లకి, 1663లో, లియాన్‌లో కార్డానో రచనలన్నీ పది పెద్ద సంపుటాలుగా వచ్చాయి. వాటిలో మొదటి సంపుటంలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని కొన్ని పేజీల్లో, తప్పుడు లెక్కతో సహా ఆ పుస్తకం ఉంది.